మావాడి కుజ ప్రయాణం

సాగమిహర

ఫుసాయె పిన్నికి కెంగో నమస్కారాలు.

ఇక్కడ కులాసా. తనెగషిమా ఎండలకు నీ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? సంతోషమైన కబురు. మా పరిశోధనశాలలో ఇన్నేళ్ళుగా కంటికి రెప్పలా పెంచుకొచ్చిన మావాడు వచ్చే శరత్కాలంలో మీ దీవికి వస్తున్నాడు. అక్కడే రాకెట్ ఎక్కి, కుజుడి చందమామ మీద దిగి, పిడికెడు మట్టి తీసుకుని తిరిగొస్తాడు. ఆ రోజు మీ రేవు పడవలు సముద్రంలోకి వెళ్ళకుండా ఉంటేనే రాకెట్ ఎగిరేది. జాలర్ల సంఘం పెద్ద ఒకుబో గారేమో ససేమిరా అంటున్నారు. రోజూ నీ సత్రంలోనే కదా భోంచేస్తారు, కాస్త చెప్పు పిన్నీ.

నీ కెంగో

తా.క. మావాడికి చలి పడదు. దుమ్ము అసలే పడదు.

తనెగషిమా

కెంగోకు పిన్ని దీవెనలు, ఇష్టం లేకపోయినా.

మోకాళ్ళ సంగతి తర్వాత. పెళ్ళికి పిలవలేదు, సరే. కొడుకు పుట్టాడని ఒక్క కార్డు ముక్క రాయలేకపోయావా? దుమ్ము పడని పసివాణ్ణి మట్టి కోసం పంపుతావా? మట్టే కావాలంటే నా చిలగడదుంపల మడిలో బోలెడుంది, బస్తా పంపుతాను. వాడి తల్లి ఎలా ఒప్పుకుంది?

మండిపడుతూ, ఫుసాయె

తా.క. వాడికి స్వెటర్ అల్లుతున్నాను. చేతుల పొడవు రాయి.

సాగమిహర

పిన్నీ, నీ పరాచికాలు మారలేదు!

ఊపిరాడని పనిలో ఉన్నాను, రెండే ముక్కలు. వాడికి తల్లి లేదు. మేం నాలుగు వందల మందిమి కలిసి కన్నాం. తిండి పెట్టక్కర్లేదు, ఎండలో నిలబెడితే చాలు. నాలుగు టన్నులుంటాడు.

కెంగో

తా.క. చెయ్యి నా చేతికంటే పొడుగు. ఒక్కటే చెయ్యి.

తనెగషిమా

ఒరే కసాయీ,

నీ కార్డు సత్రంలో అందరి ముందూ చదివాను. ఒకుబో భార్య చియొ వెక్కి వెక్కి ఏడ్చింది. ఒకుబో బల్ల గుద్దాడు. "ఒంటిచేతి బిడ్డకు తిండి పెట్టకుండా ఎండలో నిలబెడతారా? పడవలన్నీ ఆ రోజే తీస్తాం. ఎలా పంపుతారో చూస్తాం!" సరిగ్గా అప్పుడే మీ పెద్ద సారు పడవల సంగతి మాట్లాడదామని మిఠాయి పెట్టెతో దిగాడు. "ఈ బిడ్డకు తండ్రెవరు?" అని ఒకుబో గర్జించాడు. ఆయన రొమ్ము విరుచుకుని "నేనేనండీ!" అన్నాడు. ఇప్పుడు మేడగదిలో ఉన్నాడు. గుమ్మం ముందు చియొ కూర్చుంది.

నీకేమీ కాని ఫుసాయె

తా.క. మిఠాయి బాగుంది.

సాగమిహర

పిన్నీ, కాళ్ళు పట్టుకుంటాను!

వాడు యంత్రం! రెక్కలున్న పెట్టె! సారును వదిలిపెట్టండి. ఈసారి తప్పితే కుజుడు మళ్ళీ దగ్గరికి రావడానికి రెండేళ్ళు. మా అందరి ప్రాణాలూ వాడి మీదే ఉన్నాయి.

వణుకుతూ, కెంగో

తా.క. సారుకు రొయ్యలు పడవు.

తనెగషిమా

వెర్రి నాయనా, నీకు పిన్ని దీవెనలు, ఈసారి మనసారా.

యంత్రమని మాకు తెలీదట్రా? చిన్నప్పటి నుంచీ మా కిటికీలు అదిరేది మీ రాకెట్లకే. కానీ ఇన్నేళ్ళూ మీవాళ్ళు కాగితాలు పంపారే తప్ప, ఒక్కడూ వచ్చి మా పక్కన కూర్చోలేదు. ఒకుబోకు అదే మంట. నీ మొదటి ఉత్తరం చూసి ఇద్దరం ఈ నాటకం మొదలెట్టాం. మీ సారు దుంపసారా రెండు గిన్నెలు తాగి, "వాడు అంత దూరంలో ఒంటరిగా ఎలా ఉంటాడో, నాకు నిద్ర పట్టడం లేదండీ" అని నిజంగానే ఏడ్చాడు. ఒకుబో ఆయన గిన్నె మళ్ళీ నింపాడు. "మా పెద్దాడు మొదటిసారి సముద్రంలోకి వెళ్ళినప్పుడు నేనూ ఇంతే" అన్నాడు. ఆ రోజు ఒక్క పడవా కదలదు. సంతకం పెట్టేశాడు.

నీ పిన్ని

తా.క. మీ సారుకు ఇంకోడు కడుపులో ఉన్నాడటగా? వాణ్ణి మాత్రం మా వలలు నిండే ఎగిరే చేపల కాలం దాటాక కనమని ఒకుబో చెప్పమన్నాడు.