గోరంట్ల అడ్రసు

2003 జూన్ 9, సోమవారం

ముదిగుబ్బలో మా ట్రైనింగ్ సెంటర్‌లో ఆరుగురు ఆడవాళ్లు కుట్టు కోర్సు ముగించారు. వాళ్లకు పనిచ్చే గార్మెంట్ కంపెనీలు వెతకడం నా డ్యూటీ. బెంగళూరు నుంచి బిజినెస్ డైరెక్టరీ సీడీ వచ్చింది. పదకొండు వేల కంపెనీలు. ఇంకోపక్క కరీం సాబ్ నోటుబుక్కు. ఇరవై ఏళ్లుగా కంపెనీలకు దారం, సూదులు అమ్ముతూ తిరిగే మనిషి. ఏది నడుస్తోందో, ఏది మూతపడిందో రాసిపెట్టుకున్నాడు. ఊరికే ఇస్తానన్నాడు.

సీడీనే తీసుకున్నాను. డేటా ఎక్కువని డైరెక్టర్ జయరాం సార్‌కు చెప్పాను. అసలు సంగతి వేరు. నూనె మరకల నోటుబుక్కు పట్టుకుని మీటింగులో కూర్చోవడం నాకు నామోషీ.

జూన్ 12

కరీం సాబ్ నా ప్రింటవుట్ చూసి, గోరంట్ల కంపెనీ పేరు మీద వేలు పెట్టాడు. ఇది మూసి ఏడాదిన్నర ఆయెనమ్మా, ఒకసారి ఫోన్ చేసి సూడు అన్నాడు. చేశాను. మోగింది. ఎవరూ ఎత్తలేదు. లంచ్ టైమ్ కదా అన్నాను.

అప్పుడు టైమ్ పదకొండు.

జూన్ 16

ఆఫీసు సీలు వేసిన లెటర్ ఇచ్చి ఆరుగురినీ గోరంట్లకు పంపాను.

జూన్ 17

ఆరుగురిలో ఒకామె, బయమ్మ, వచ్చి చెప్పింది. గేటుకు తుప్పుపట్టిన తాళం. ఈడ కంపెనీ యాడుండాదమ్మా అన్నాడట పక్క హోటలాయన. అయినా నాలుగింటి దాకా ఎండలో గేటు ముందే కూర్చున్నారు. కాగితం మీద మీ సీలు ఉండాది కదా మేడం, ఎవురో ఒకరు వస్తారనుకుంటిమి అంది. వాళ్లలో తిరుపాలమ్మ ఎత్తుకెళ్లిన చంటిబిడ్డకు వడదెబ్బ తగిలింది. ఆస్పత్రిలో ఉంది. బయమ్మ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అడ్రసు ఎవరిచ్చారని జయరాం సార్ అడిగారు.

ఇదొక్కటి సీడీలోది కాదు, కరీం సాబ్ ఇచ్చింది అన్నాను. ఆ మాట దానంతటదే వచ్చిందని రాయబోయి ఆగాను. రాలేదు. ఆలోచించే అన్నాను.

జూన్ 20

సార్ కరీం సాబ్‌ను పిలిపించి అందరి ముందూ తిట్టారు. ఇక సెంటర్‌లో అడుగుపెట్టొద్దన్నారు. ఆయన నా వైపు ఒక్కసారి చూశాడు. నేను స్టాప్లర్‌లో పిన్నులు సర్దుతున్నాను. వయసాయె సారూ, మరిచిపోయింటా అన్నాడు.

జూన్ 21

బిడ్డ ఇంటికి వచ్చిందట. చూడడానికి వెళ్లలేదు.

జూన్ 24

నిజం చెప్పేద్దామని కరీం సాబ్ ఇంటికి వెళ్లాను. ఆయన లేడు. భార్య అమీనాబీ టీ ఇచ్చింది. ఆ ఆడోళ్లకు పని అడిగొస్తానని మొదటి బస్సుకే హిందూపురం పోయినాడమ్మా అంది. ఏమన్నా చెప్పాల్నా అని అడిగింది. ఏం లేదన్నాను. టీ మొత్తం తాగి వచ్చాను.

జూలై 4

ఆరుగురికీ హిందూపురంలో పని దొరికింది. అంతా ఈమె కృషే అని సార్ మీటింగులో నన్ను లేచి నిలబడమన్నారు. చప్పట్లు కొట్టారు.

నేనూ కొట్టాను.