బేరం లేని బట్ట

మెట్‌పల్లి, ఫిబ్రవరి 1959, ఆదివారం

నా భార్య లక్ష్మి చివరి రోజు పొద్దున కాస్త గంజి తాగింది. మధ్యాహ్నం కిటికీ తెరవమంది. నాలుగింటికి పోయింది. ముత్తైదువ కనుక మీద కప్పడానికి ఎర్రబట్ట కావాలన్నారు. నేనే బజారుకు వెళ్లాను. షావుకారు గజం మూడు రూపాయలన్నాడు. శవానికి కొనే బట్టకు బేరమాడకూడదంటారు. అడిగినంత ఇచ్చి వచ్చాను.

ఈరోజు తువ్వాలు కోసం అదే దుకాణానికి వెళ్లాను. ఆ ఎర్ర తానులోంచే ఒక రైతు బొంతకని గజం రూపాయిన్నరకు చింపించుకుంటున్నాడు. నాకు మూడెందుకు తీసుకున్నావని షావుకారును అడిగాను.

"అందరు సగానికి అడుగుతరని మేం రెండింతలు చెప్తం సారూ. గా దినం మీరు అడగలే గద!"

"చావు బట్టకు కూడానా?"

"గా బట్టకు ఎవ్వరు అడగరు. మాకు లాభం మిగిలేదే గా బట్టల," అని నవ్వాడు.

లక్ష్మి నన్ను బజారుకు పంపేది కాదు. "మీ మొగం జూసే ధర పెంచుతరు" అనేది. తనైతే ధర వినగానే మెట్టు దిగి నడిచేది. వాళ్లే వెనక నుంచి పిలిచేవాళ్లు. ఆమె చివరి బట్ట దగ్గరే నేను మోసపోయాను. ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. ఇంకెవరో ఏడ్చిన కళ్లతో ఆ మెట్టెక్కుతారు...

అట్టముక్క మీద "గజం రూపాయిన్నర" అని పెద్ద అక్షరాలతో రాశాను. రేపు పొద్దున దుకాణం తెరవగానే వెళ్లి, లక్ష్మి సూదితో దాన్ని ఆ తానుకు నేనే కుడతాను.