తాయారు నడక

బావా,

పులుసు పొయ్యి మీద ఉంది. అత్తకి వేన్నీళ్లు కాచి ఇవ్వు. నేను నెల్లిమర్ల రోడ్డున నడకకు వెళ్లాను.

బియ్యం డబ్బా వెనక నువ్వు దాచిన నా చెప్పులు దొరికాయి. "ఆడది ఊరికే రోడ్డంట తిరిగితే జనం ఏటనుకుంతారే?" అన్నావు. చక్కెర జబ్బుతో మా అమ్మ కాలు తీసేసినప్పుడు ఏమనుకున్నారు? పొట్టలో కొవ్వే ముప్పని, నడిస్తేనే అది కరుగుతుందని డాక్టరమ్మ నీ ఎదుటే చెప్పింది కదా!

మూడు నెలలు నడిచాను. చీరకు రెండు కుచ్చెళ్లు ఎక్కువొస్తున్నాయి, పరీక్షలో చక్కెరా తగ్గింది. అదంతా నువ్వు తెచ్చిన టానిక్కు మహిమట! దాని మూతైనా తియ్యలేదు నేను.

తాయారు

నీ చొక్కాకి గుండీ కుట్టాను. పొట్ట మీద తెగడం ఈ నెలలో నాలుగోసారి. రేపు నువ్వూ రా బావా. నువ్వు నాకు చాలాకాలం ఉండాలి.