మూడు మెట్ల లెక్క

జూలై 6, శనివారం
ప్రిన్సిపల్ ఎట్టకేలకు ఒప్పుకున్నారు. ఇక శనివారం లెక్కల పీరియడ్ వీధి లైబ్రరీలోనే. మా ఎనిమిదో తరగతి పిల్లలు దాని మూడు మెట్ల పక్కన ర్యాంప్ కడతారు, నిష్పత్తులు అక్కడే నేర్చుకుంటారు. తల్లిదండ్రులు కూడా చెయ్యి వెయ్యాలి. నెలాఖరుకి అవకపోతే మళ్ళీ నల్లబల్లే గతి.
వీల్‌చెయిర్‌లో తిరిగే టైలర్ తాత రోజూ ఆ మెట్ల కిందే పేపర్ చదువుతారు. వానొస్తే అదీ లేదు. నాకు ఒళ్ళు మండుతుంది.

జూలై 8
పేరెంట్స్ మీటింగ్. మా వాణ్ణి కూలీని చేస్తారా అని ఒక తల్లి గయ్యిమంది. వాలు ఎలా కొలుస్తారో మీవాణ్ణి చెప్పమనండి అన్నాను. మూతి ముడుచుకుంది. ఒక పిల్ల నాన్న తాపీమేస్త్రీ. నేనొస్తాను టీచర్ అన్నాడు. ఆయన్ని చూసి ఇంకొందరు.

జూలై 13
పిల్లలు కొలిచారు. ఎత్తు అడుగున్నర. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు కావాలి, అంటే మొత్తం పద్దెనిమిది. మేస్త్రీ కూతురు గేటు దాకా సుద్దగీత గీసింది.

జూలై 20, ఉదయం
ర్యాంప్ కట్టేసి ఉంది! పిల్లల చేతులు పాడవుతాయని పెద్దవాళ్ళే వారం మధ్యలో పూర్తిచేశారట. ఇంట్లో ప్రాజెక్టులు చేసిపెట్టే అలవాటు ఎక్కడికి పోతుంది? పైగా ‘విద్యార్థుల శ్రమ’ అని బోర్డు. మూతి ముడిచిన తల్లే స్వీట్లు పంచింది.

సాయంత్రం
పొడవు సగమే. స్కూటర్లకి చోటుండాలని కుదించారట. తాత సగం ఎక్కి వెనక్కి జారారు. పట్టుకున్నాను.
ఎవరో ఒకరు తోస్తారు కదా అన్నారు ప్రిన్సిపల్. నాకిక్కడే బాగుందమ్మా అన్నారు తాత. అబద్ధం.
మేస్త్రీ కూతురు నాన్న దగ్గరికెళ్ళింది. ఇది పగలగొట్టెయ్ నాన్నా, ఈసారి మేం కడతాం, నువ్వు పక్కన నిలబడి చెప్పు చాలు అంది. ఆ పిల్లని ఎత్తుకోవాలనిపించింది. మేస్త్రీ వెళ్ళి సమ్మెట తెచ్చాడు. స్కూటర్లు రోడ్డు మీదే పెట్టుకోండని నేను అందరికీ చెప్పేశాను. ఒక్కొక్కరే బళ్ళు బయటికి తీశారు.

జూలై 21
ఒళ్ళు హూనం. ఆ స్వీట్ల తల్లి ఇసుక మోసింది. కొడుకు చేతిలోంచి తాపీ లాక్కోబోతే, అమ్మా, ఇది నా లెక్క అన్నాడు వాడు. నవ్వాపుకోలేకపోయాను.

జూలై 27
పూర్తి పొడవు ర్యాంప్ మీద తాత ఒక్కరే ఎక్కారు. దిగారు. మళ్ళీ ఎక్కారు.
లోపలేం పని తాతా అని అడిగితే, ఏం లేదు, ఊరికే ఎక్కుతున్నానమ్మా అన్నారు.