రెండు పాముల హారం

థీబ్స్,
ఆగస్టు 18, 1966.

చిరంజీవి అసిమీనాకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, మేకా, అటకమీది పావురాలూ కులాసా. ఏథెన్సులో నువ్వూ, నీ కాబోయేవాడూ కులాసా అని తలుస్తాను.

మోకాలి గురించి అడిగావు. మెట్లెక్కితే సణుగుతుంది, దిగితే ఊరుకుంటుంది. కోట తవ్వకాలు ఎండ తగ్గేదాకా ఆపారు. దొరికిన ప్రతి కుండపెంకుకీ నంబరు వేసి రోజువారీ పుస్తకంలో ఎక్కించడమే నా పని కనుక, తవ్వకపోయినా పొద్దు గడుస్తోంది. పెళ్ళికి అత్తిపళ్ళు ఎండబెట్టాను. కందిరీగలు తమ వాటా తాము తీసుకున్నాయి.

ఇంకో రెండు సంగతులు రాశావు. అమ్మ పెళ్ళిలో వేసుకున్న హారం ఏమైందని మీ అత్తగారు అడుగుతున్నారన్నావు. దాన్ని దొంగిలించిన స్తమాతా పిన్నిని మాత్రం పెళ్ళికి పిలవొద్దన్నావు. ఈ రెండింటికీ జవాబు ఒకటే. ఉత్తరం ఆలస్యమైంది అందుకే.

ఆ హారం మీ అమ్మమ్మవాళ్ళు ఇంటికి పునాది తవ్వుతుంటే దొరికింది. రెండు బంగారు పాములు, ఒకదాని మూతి ఒకటి కరుచుకుని ఉండేవి. మన ఊళ్ళో మట్టిలో బంగారం దొరికితే అది హార్మోనియా దేవిదే అంటారు. ఆవిడ ప్రేమదేవత కూతురు, ఈ కోట కట్టిన కాద్మోస్ భార్య. ప్రేమదేవత మొగుడు కమ్మరి దేవుడు. భార్య తనని మోసం చేసి కన్న పిల్ల కనుక, కసికొద్దీ శాపం పోసి పెళ్ళికానుకగా హారం చేశాడట. అది వేసుకున్న ప్రతి ఆడదానికీ కడుపుకోత తప్పలేదట. మీ అమ్మ నవ్వేది. "నన్ను కరిస్తే వాటి పళ్ళే ఊడతాయి" అనేది. నీకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయాక ఆ నవ్వు ఆగిపోయింది. నేను మాత్రం సొంతంగా నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణని, కాఫీ కొట్లో ఆ శాపం మాటెత్తిన ప్రతివాణ్ణీ వెక్కిరించేవాణ్ణి.

నాలుగేళ్ళప్పుడు నీకు గొంతు వాచి జ్వరం వచ్చింది. పిన్ని మనింటికొచ్చి ఉండి నీ మంచం విడిచిపెట్టలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మ కాస్త కునుకు తీస్తుంటే, నేను పెట్టెలోంచి హారం తీసి జేబులో వేసుకుని కొండమీది మఠానికి నడిచాను. మొక్కుబడి అని చెప్పి ముసలి సన్యాసిని చేత మరియమాత పటానికి కట్టించాను. పటానికున్న వెండి తొడుగు వెనక, ఎవరికీ కనబడకుండా. మొక్కిన వస్తువు తిరిగి అడగకూడదు. నువ్వు బతికావు.

ఈస్టరుకి అమ్మ పెట్టె తెరిచింది. "పిల్ల జ్వరమప్పుడు ఇంట్లో నువ్వు తప్ప ఎవరున్నారే?" అని చెల్లెల్ని అడిగింది. పిన్ని నావైపు తిరిగింది. "బావా, నువ్వు చెప్పు" అంది.

నాకేమీ తెలియదన్నాను.

చెబితే అమ్మ వెళ్ళి తెచ్చేస్తుందని, నీ జ్వరం తిరగబెడుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, కాఫీ కొట్లో నన్ను చూసి నవ్వుతారని. పిన్ని ఏప్రాను విప్పి కుర్చీకి వేసి, ఆ పూటే లివాదియా వెళ్ళిపోయింది. అమ్మ పోయినప్పుడు వచ్చి శ్మశానం గేటు బయట నిలబడింది. పోయినవాళ్ళ పేరిట పంచే ఉడికించిన గోధుమలు, దానిమ్మ గింజలు అందరికీ ఇచ్చి, ఆమె ముందునుంచి పళ్ళెం దాటించేశారు. ఆ పళ్ళెం పట్టుకున్నది నేనే.

మొన్న ఆదివారం బస్సెక్కి లివాదియా వెళ్ళాను. పిన్ని మగ్గం ముందు ఉంది. చెప్పాను. ఆమె నేత ఆపలేదు.

"అక్క పోయి ఆరేళ్ళయింది బావా. ఇప్పుడెవరికి చెబుతావు?"

పిల్లకి, అన్నాను. పెళ్ళినాడు అమ్మ స్థానంలో నిలబడి నిన్ను ముస్తాబు చెయ్యమని బతిమాలాను. అప్పుడు మగ్గం ఆగింది.

"నీ మాట మీద ఓసారి ఆ గడప దాటి వచ్చేశాను. నీ మాట మీద మళ్ళీ తొక్కను. పిల్లని రాయమను."

ఆమె చిరునామా ఇందులో పెట్టాను. రాయడం, మానడం నీ ఇష్టం. మీ అత్తగారికి హారం లేదని చెప్పు. దొంగ ఎవరంటే నా పేరు చెప్పు.

ఇంకొక్కటి. ఆ రోజు నేను కొండ దిగి వచ్చేసరికి నీ ఒళ్ళు చల్లగా ఉంది. పిన్ని తడిగుడ్డ పిండుతూ, "నువ్వు గుమ్మం దిగావో లేదో పిల్లకి చెమట పట్టి జ్వరం దిగింది బావా" అంది. నీకు చెమట పట్టేటప్పటికి నేనింకా మఠం చేరలేదు, హారం నా జేబులోనే ఉంది. ఈ సంగతి పద్దెనిమిదేళ్ళుగా నాకు తెలుసు.

ఇట్లు,
నీ జవాబు ఏదైనా తీసుకునే
నాన్న,
త్రసీవులోస్.