మేడం బాయికి పెట్టిన పూలు

దోహా, ఖతర్
24-6-1994, శుక్రవారం

తమ్ముడు నగేష్‌కు అన్న రాజేశం దీవెనలు. నా ఒళ్లు మంచిగనే ఉంది. అక్కడ బర్లు, అమ్మ, మీ వదినె సాయవ్వ అందరు మంచిగుండాలె. బర్లను ముందుగాల అడిగిన్నని వదినెకు చెప్పకు.

ఏం తమ్మీ, ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబు లేదు. బాయిల పూడిక తీస్తున్నడు, తీరిక లేదని మీ వదినె రాస్తది. అంత పెద్ద గుత్తేదారువైనవా? మంచిగున్న అని ఒక్క ముక్క రాయి, చాలు. నాకిక్కడ బువ్వ దిగుతలేదు.

నేను తోటపని చేసే బంగ్లల ఇంగ్లాండ్ మేడం ఉంటదని రాసిన గద. మొన్న ఆమె ఓ పెద్ద చెక్కపలక మీద తడిమట్టి మెత్తి, నన్ను పూలు తెమ్మన్నది. కాగితంపూలు, గన్నేరు, బిళ్ళగన్నేరు బుట్టెడు తెచ్చిన. ఏసీ రూముల కూసోని ఒక్కొక్క రెక్క తుంచి మట్టిల అద్దింది. ఇంటికి పెంకులు కప్పినట్టు రెక్క మీద రెక్క. చూస్తుండంగనే పిట్టయింది, చెట్టయింది. ఎందుకు మేడం అంటే, ఎప్పుడో కరువుల సుట్టుపక్కల బాయిలన్ని ఎండినా వాళ్ల ఊరి బాయి ఎండలేదట. అందుకని ఏటేటా బాయికి ఇట్ల పూలపలక పెడతరట. ఇక్కడ బాయి యాడిది? తోటల నల్లా కాడ పెట్టింది.

మా బాయికి పూలు పెట్టం మేడం, మా తమ్ముడే దిగుతడు అన్న, నాకొచ్చిన హిందీల. భయం లేదా అన్నది. వాళ్ల వదినె తిట్లకు తప్ప దేనికీ భయపడడన్న. మస్తు నవ్వింది.

ఆ పొద్దుగూకాల నేనేం చేసిన్నో ఎరికేనా? బతుకమ్మను మనం నీళ్లల్ల ఇడుస్తం గద. గట్లనే ఆ పలక ఎత్తుకపోయి, వాళ్లు ఈతకొట్టే హౌజుల ఇడిసిన. మట్టి కరిగి నీళ్లన్ని ఎర్రగైనయి. మేడం ఉరికొచ్చి నెత్తి పట్టుకున్నది. వారం రోజులు ఉంచాలెనట! వాళ్ల సారు యల్లా, యల్లా, నడువు నడువు అనుకుంట నా మీదికొచ్చిండు. హౌజు నీళ్లన్ని పారబోపిచ్చి, నాతోనే కడిగిపిచ్చిండు. అన్ని నీళ్లు మన మడికి పారితే నువ్వు బాయిల దిగే పనే లేకుండె.

ఇది చదివి నవ్వురా. నవ్విన్నని రాయి.

నీ అన్న,
రాజేశం

రాయ మిగిలింది: సాయవ్వా, ఇది నీకు. పోయిన శుక్రారం పక్కూరి ఏసోబు మా క్యాంపుకొచ్చి చెప్పిండు. బాయి గడ్డ కూలి తమ్ముని మీద పడ్డదట. కర్మ గూడ అయిపోయిందట. సెలవడిగితే కంపెనోళ్లు మాఫీ, లేదు పో అన్నరు, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరనే ఉంది. మేడం పూలు నేను తెల్వక నీళ్లల్ల ఏయలేదు. వాని పేరు మీద ఏసిన. ఒక్కసారన్న వాన్ని తమ్మీ అని పిలువకపోతే నా పాణం ఊకుంటలేదు, అందుకే వానికే రాసిన.

నాకు తెలిస్తే ఏమన్న చేసుకుంటనని అమ్మనే దాపిచ్చిందట. నా సంతకం దాకనే ఆమెకు చదివి వినిపియ్యి. పెద్దోనికింక తెల్వదనుకోని ఇంత బువ్వ తింటది.