ఎడమకు వాలిన గీత

మధూ, రాగానే కంప్యూటర్ తెరిచి మీ నాయనకు పోయినేడు తీసిన గుండె స్కాన్ నా ఫోనుకు పంపు. పెరంబూరు ఆసుపత్రికి పోతున్నాం. డాక్టరమ్మ పాతది కావాలంది. ఆఫీసులో ఉంటే నువ్వు ఫోను తీయవు కదా.

ఫైలు ఎక్కడుందో నువ్వు రాసి కంప్యూటరుకు అంటించిన కాగితం చూసే టైపు చేశాను, పేర్ల మధ్య ఏటవాలు గీతలు తప్ప. నీ గీతలు ఎడమకు వాలి ఉన్నాయి. అప్పుడే మీ నాయన, "ఎడం చెయ్యి లాగతా ఉండాదే అలమేలూ" అన్నారు. ఇక ఎడమది నొక్కడానికి నాకు చెయ్యి రాలేదు. కుడికి వాలిన గీత కూడా ఉంటే, స్వామీ అనుకుని అదే కొట్టాను. ఫైలు లేదంది. మళ్ళీ కొట్టినా అంతే. నేనే చెరిపేశానేమోనని ఇంకేదీ ముట్టుకోలేదు. గీత ఎటు వాలిందో దేవుడు చూస్తాడా? మరి ఈ మిషను ఎందుకు చూస్తుంది? నువ్వు ఎడమదే కొట్టు.

దీపం కొండెక్కనీయకు. ఆటో వచ్చింది.

అమ్మ

ఇంకో మాట: మీ నాయన ఆ ఎడమ చేత్తోనే నా కొంగు పట్టుకుని నిలబడ్డారు. కుడి చేత్తో పట్టుకోమని నేను అనలేదు.